బల్లిని చూసినోళ్లెవరు?

నా సర్వీసు మొత్తంల ఒకే ఒక్క మెమో వచ్చింది. దాన్ని ప్లాస్టిక్ కవరుల పెట్టి, సర్టిఫికెట్ల పక్కన బీరువల దాచుకున్న. ఇంటికి వచ్చినోళ్లకు రిటైర్మెంటు శాలువలు చూపియ్య, మెమో చూపిస్త. కొత్తగ కొలువుల చేరినోళ్లు మెమో అంటే రెండు రోజులు అన్నం ముట్టరని నాకు ఎరికే. గందుకే, అది నేను ఎట్ల సంపాయించుకున్ననో మీకు చెప్పాలనిపించింది. జర ఓపిక పట్టుండ్రి, అసలు ముచ్చట కంటే ముందుగాల నా తప్పు ఒకటి చెప్పుకునేదున్నది.

నేను తత్త్వశాస్త్రం చెప్పి బతికిన. జనగామల మొదలుపెట్టి, మహబూబాబాద్‌ల నడీడు అంత గడిపి, భూపాలపల్లిల ఆఖరి సంతకం పెట్టి ఇంటికొచ్చిన. మహబూబాబాద్ అని బోర్డుల మీద ఉంటది గాని మా నోటికి అది మానుకోటనే. ఎవరన్న "ఏ సబ్జెక్టు మేడం?" అని అడిగితే చెప్తుంటి. "ఓహో, మంచిగున్నది" అని ముఖం అటు తిప్పుకునేటోళ్లు. అలవాటైపోయింది.

జనగామల చేరిన రెండో ఏడు, వానకు పరీక్ష పేపర్ల కట్టలు తడిసి ముద్దయినయి. స్టోర్ రూము కిటికీ తెరిచి ఉండె. విచారణకు నన్ను వేసిండ్రు. ఎవరూ ఒప్పుకోని పని చిన్నోళ్ల మీదనే పడతది, మీకూ తెలిసే ఉంటది. ఫారంల "కారణం" అని ఒక్క గీత. "అటెండర్ నిర్లక్ష్యం" అని రాసి సంతకం పెట్టిన. ఆయన నౌకరి పోయింది. ఆ కిటికీకి గడియ లేదని నేను ఎండాకాలంలనే చూసిన. చూసి, చేత్తోని తట్టి, ఊకున్న. రాసేటప్పుడు ఆ సంగతి యాదికి కూడ రాలే, చూడుండ్రి బుర్ర ఎంత హుషారుదో! తర్వాత ఆయన బస్టాండు దగ్గర మిర్చీల బండి పెట్టుకున్నడు. నన్ను చూస్తే, "నమస్తే మేడం, వేడిగున్నయి, రెండు తినుండ్రి" అనేటోడు. తిట్టినా బాగుండు. ఒక్కనాడు కాదనలేక నోట్ల పెట్టుకుంటే గొంతు దిగలే. ఆ తర్వాత జనగామల ఉన్నన్ని రోజులు బస్టాండుకు వెనుక తొవ్వ నుంచే పోయిన.

మానుకోటకు వచ్చేటప్పటికి నా క్లాసుల ఐదుగురు ఆడపిల్లలు. నవ్వకుండ్రి, మా సబ్జెక్టుకు ఐదుగురంటే జాతర. అండ్ల ఒక పిల్ల మహదేవపూర్ దిక్కుది, గోదారి పక్కన వరి పొలాలల్ల పెరిగింది. "ఎందుకు మేడం?" అననిదే బుక్కు తెరవది. ఇంకో పిల్లది తండా. వెనుక బెంచీల గోడకానుకొని కూసునేది, నోరు విప్పేది కాదు. ఐదుగురూ కాలేజీ హాస్టల్లనే ఉండేటోళ్లు. ఆ హాస్టల్ ఏదని అడగకుండ్రి, చెప్ప.

ఎండలు ముదిరిన కాలం. ఒకనాడు హాస్టల్ల పులిహోర తిన్న పిల్లలు క్లాసులల్లనే వాంతులు చేసుకున్నరు. ఆటోలు పిలిచి, ఇద్దరినిద్దరిని పట్టుకొని దవాఖానకు తోలినం. నా ఒళ్లంత చెమట. సాయంత్రానికి అందరూ లేచి కూసున్నరు, ఒక పిల్ల కొబ్బరి బోండం అడిగింది.

పిల్లలింక సెలైన్ల మీద ఉండంగనే కారణం దొరికిపోయింది. బల్లి! "పులిహోరల బల్లి పడ్డదట."

హాస్టళ్లల్ల చదువుకున్నోళ్లకు ఈ బల్లి బాగ తెలుసు. పప్పుల పడేది ఇదే, ఉప్మల పడేది ఇదే, సాంబారుల ఈదేది ఇదే. ఎవరు చూసిండ్రు అంటే "ఎవరో చూసిండ్రట" అంటరు. ఆ ఎవరో ఎవరని నేను మూడు రోజులు తిరిగినా దొరకలే. కాని బల్లిని సస్పెండు చెయ్యలేం గదా. అది పోయి పోయి వంటామె మీద పడ్డది.

వంటామె బయ్యారం దగ్గరి తండా నుంచి వచ్చిన లంబాడామె. మొగడు కూలికి బొంబాయి దిక్కు పోయి ఎప్పుడో ఒకసారి వస్తడు. ఇద్దరు పిల్లల సదువు, ముసలత్త మందులు, అన్నీ ఈ వంట నౌకరి మీదనే. కాంట్రాక్టు నౌకరి, ఒక్క కాగితం చాలు పోనీకి. విచారణ అయ్యేదాక రావొద్దని ఆమెను ఇంటికి తోలిండ్రు. పోయేటప్పుడు గేటు కాడ నన్ను చూసి, "పిల్లలకు మంచిగున్నదా మేడం?" అని అడిగింది. తన సంగతి ఒక్క మాట అడగలే.

విచారణకు ముగ్గురం. మా ప్రిన్సిపాల్ పెద్దసారు, వార్డెన్, నేను. పెద్దసారు మంచోడే, పని తొందరగ ఒడవాలె, చాయ్ వేడిగ ఉండాలె, గంతే ఆయనకు. ఫారం నా ముందుకు నూకిండు. "ఇగో మేడం, ఒక్క గీతనే ఉన్నది. బల్లి పడ్డది, వంటామె నిర్లక్ష్యం. రాసి సంతకం పెడితే అయిపోతది."

అదే ఫారం, అదే గీత. నా గొంతుల మిర్చి అడ్డం పడ్డట్టయింది.

"సోమవారం దాక ఆగుండ్రి సార్."

"ఎందుకు మేడం?"

"జర సదువుకునేదున్నది."

"గింత దానికి సదువేంది!" అని ఆయన నవ్విండు గాని, సరేనన్నడు.

తెల్లారి క్లాసుల పాఠం బౌద్ధుల కార్యకారణ వాదం. నేను ఏరుకోలే, సిలబస్‌ల వరుస గట్ల వచ్చింది. బోర్డు మీద రాసుకుంట చెప్తున్న. "ఒకటి ఎట్ల పుడతది అన్నదానికి తలా ఒక మాట అన్నరు. సాంఖ్యులు, ఫలం కారణంలనే ముందుగాల దాగి ఉంటదన్నరు, నువ్వులల్ల నూనె ఉన్నట్టు. వైశేషికులు, కాదు, మట్టిల కుండ ముందు లేదు, కొత్తగ పుట్టిందన్నరు. స్వభావవాదులు, ముల్లుకు మొన ఎవరు చెక్కిండ్రు, దాని స్వభావమే గంత అన్నరు. ఇంకొందరు, అన్నిటికి కర్త ఒక్కడే అన్నరు."

మహదేవపూర్ పిల్ల లేచింది. "మేడం, మా వార్డెన్ మేడం సాంఖ్యురాలు."

"అదెట్లనే?"

"రోగం వంటామెలనే ముందుగాల దాగి ఉన్నట్టు మాట్లాడుతున్నది. తండావాళ్లకు శుభ్రం తెల్వదు, వాళ్లు గంతే అంటున్నది."

క్లాసు నవ్వింది. వెనుక బెంచీల తండా పిల్ల మాత్రం నవ్వలే. తల వంచుకొనే, మెల్లగ అన్నది. "సాంఖ్యం కాదు మేడం అది. వాళ్లు గంతే అంటే స్వభావవాదం."

ఏడాదిల ఆ పిల్ల నోటి నుంచి వచ్చిన మొదటి జవాబు అది. నూటికి నూరు కరెక్టు! నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి, సుద్దముక్క పొడి పడ్డదని కొంగుతోని తుడుచుకున్న.

"మరి బల్లి ఏంది?" అన్న.

"బల్లి కర్త మేడం," అన్నది మహదేవపూర్ పిల్ల. "ఎవరూ చూడలే, అన్నీ అదే చేసింది."

గప్పుడు నేను గూడ నవ్విన. నవ్వి, అసలు పాఠంలకు వచ్చిన. "బుద్ధుడు గీ తొవ్వలల్ల ఒక్కటీ పట్టలే. ఇది ఉంటే అది ఉంటది, ఇది ఆగితే అది ఆగుతది అన్నడు. దీన్ని ప్రతీత్యసముత్పాదం అంటరు. ఏదీ దాని అంతట అది పుట్టదు, ఒక్కదాని నుంచే పుట్టదు. ఎన్నో కలిస్తే పుడతది. విత్తనం హేతువు. నేల, నీళ్లు, ఎండ, ఇవి ప్రత్యయాలు."

"వడ్లు బస్తాల పెట్టుకొని కూసుంటే నారు రాదు గదా మేడం," అన్నది మహదేవపూర్ పిల్ల.

"రాదు. ఇంకోటి రాసుకోండ్రి. సర్వాస్తివాదులని బౌద్ధులల్ల ఒక శాఖ. ఒకటి పుట్టేటప్పుడు దానికి అడ్డం పడకుండ ఊకున్నది గూడ దానికి కారణమే అన్నరు వాళ్లు. కారణహేతువు అంటరు. రెండు మార్కుల ప్రశ్న."

ఆ మాట అన్ని ఏండ్లుగ రెండు మార్కుల ప్రశ్న అనే చెప్పిన. రెండు మార్కులకే చూసిన.

బెల్లు కొట్టేముందు ఐదుగురికీ పని చెప్పిన. "బల్లిని పక్కన పెట్టుండ్రి. ఒక్కొక్కరు ఒక్కో సంగతి పట్టుకొని రావాలె. ఒకటే షరతు. ఇది లేకుంటే గట్ల అయ్యేదా, కాదా అని అడిగి చూడాలె. వంటామె మంచిదా చెడ్డదా అన్న ముచ్చట నాకొద్దు."

నేను దవాఖానకు పోయిన. డాక్టరమ్మ చిన్నపిల్ల, మొహమాటం లేని మనిషి. "బల్లి సంగతి నాకు తెల్వదు మేడం. వండిన అన్నం వేడి మీద మూసిపెట్టి, గంటలు గంటలు నిల్వ ఉంచితే గిట్లనే వాంతులైతయి. మళ్ల పోపు పెట్టినా ఆ విషం పోదు," అన్నది. ఆ మాట కాగితం మీద రాయించుకున్న.

రెండు రోజులల్ల నా పిల్లలు ఏం పట్టుకొచ్చిండ్రనుకున్నరు! బోరు మోటరు స్టార్టరు ఎప్పుడో కాలిపోయింది. పక్క బిల్డింగు నుంచి వైరు గుంజి మాపటీలి ఒక్కసారే మోటరు నడిపిస్తున్నరు. ట్యాంకుల నీళ్లు పొద్దుగాల పిల్లల తానాలకే ఒడుస్తున్నయి, బియ్యం కడుగనీకి మిగులుత లేవు. రెండో వంటామె పోస్టు ఖాళీ. గందుకని ఉన్న ఒక్కామె పొద్దుగాలటి అన్నం మాపటీలే వండి పెడుతున్నది. ముందు టిఫిన్ తొందరగ పెట్టేటోళ్లు, స్పెషల్ క్లాసులు మొదలైనంక గంటన్నర వెనుకకు పోయింది. పైన గీ ఎండలు.

ఐదో సంగతి తండా పిల్ల తెచ్చింది. వంటింట్లకు పోయి చూసొచ్చింది. "మేడం, అన్నం ఆరబెడుత లేరు. పెద్ద గంజుల పోసి, మూత బిగిచ్చి, పైన రాయి పెడుతున్నరు. పొద్దుగాల మూత తీస్తే ఇంక వెచ్చగనే ఉంటది."

"ఎందుకట?"

"బల్లి పడొద్దని మేడం. వార్డెన్ మేడమే చెప్పిందట."

నేను కుర్చీల కూలబడ్డ. బల్లి పడలే. బల్లి పడతదన్న భయం పడ్డది!

గీ ముచ్చట నడుస్తుండంగనే వార్డెన్ హాస్టల్ గోడలన్నిటికి నెమలీకలు కట్టించింది, కోడిగుడ్డు డొల్లలు వేలాడదీసింది. బల్లులు రావట. కొత్త వంటామెను తెప్పించింది. ఆమె ఇంక భయస్తురాలు, మూత మీద రెండు రాళ్లు పెట్టింది. శనివారం పొద్దుగాల మళ్ల ముగ్గురు పిల్లలు వాంతులు చేసుకున్నరు. పాత వంటామె బయ్యారంల, తన ఇంట్ల ఉన్నది. నేను ఉరికొచ్చేసరికి వార్డెన్ పరేషాన్‌గ వరండాల నిలబడి ఉన్నది. "ఇంకో బల్లి మేడం!" అన్నది.

ఇగ కేసు గెలిచినట్టే అనుకున్న. మస్తు ఖుషీగ హాస్టల్ తనిఖీ రిజిస్టరు తెప్పించిన, నీళ్ల సంగతి ముందుగాల ఎవరికన్న తెలుసేమో చూద్దామని. మహదేవపూర్ పిల్ల పేజీలు తిప్పుతున్నది. ఒక కాడ ఆగింది. ఐదుగురూ వంగి చూసిండ్రు.

"ఏందే?"

"మేడం... ఇది మీ సంతకమే గదా?"

పోయిన నెల తనిఖీ నా వంతు. "నీరు, వంట, పరిశుభ్రత సంతృప్తికరం." కింద నా సంతకం, ఎంత అందంగ పెట్టిన్నో! గప్పుడు యాదికొచ్చింది. ఆ రోజు ఒక పిల్ల, "పొద్దుగాల నీళ్లుండయి మేడం" అన్నది. నాకు బస్సు టైమైతున్నది. "చెప్తనే బిడ్డా" అని ఉరికిన. చెప్పలే.

ఐదు జతల కండ్లు నా దిక్కే చూస్తున్నయి. అబద్ధమెందుకు, ఆ పేజీ మూసేద్దామనిపించింది. వంటామెను కాపాడనీకి నా పేరు అవసరం లేదు గదా, స్టార్టరు చాలు, మూత చాలు అనుకున్న. తండా పిల్ల నోట్సు తెరిచి, ఏదో వెతికి, నా ముందు పెట్టింది. అడ్డం పడకుండ ఊకున్నది గూడ కారణమే. నా పాఠమే, దాని చేతిరాతల.

"రాయి బిడ్డా," అన్న. "మొదటి పేరు నాది రాయి."

ఆదివారం ఆ పిల్లను తోడు తీసుకొని బయ్యారం పోయిన. వంటామె మాట గూడ తీసుకోవాలె గదా. ఎర్రమట్టి వాకిట్ల మంచమేసింది, నీళ్లిచ్చింది. పిల్ల వాళ్ల భాషల అంత చెప్పింది. ఆమె విని, నా దిక్కు తిరిగి, "నేను మాపటీలి వండుడు నిజమే మేడం. గది గూడ రాయుండ్రి," అన్నది.

"రాసిన అక్కా. నీ పేరు ఆరోది."

"మరి బల్లి?"

"బల్లి లేదు."

"గదీ రాయుండ్రి. పాపం, అది ఏం జెయ్యలే. నాతోని దాని మీద గూడ నింద పడ్డది."

సోమవారం పెద్దసారు గదిల ఫారం పెట్టిన. ఒక్క గీత మీద "జతపరిచిన కాగితాలు చూడగలరు" అని రాసిన. కింద నాలుగు కాగితాలు, డాక్టరమ్మ మాట, శనివారం సంగతి, ఆరు పేర్లు.

ఆయన మొదటి పేరు చదివి తల లేపిండు. "మేడం, మీకు మతి ఉన్నదా? మీ మీద మీరే రాసుకుంటరా!"

"నాకు తెలిసి ఊకున్న సార్. నేను ఊకోకుంటే ఆ స్టార్టరు అప్పుడే మారేది."

రెండో పేరు వార్డెన్‌ది. స్టార్టరు దరఖాస్తు ఆమె సొరుగులనే ఉండిపోయింది, మూత బిగియ్యమన్నది గూడ ఆమెనే. వార్డెన్ లేచి అరుస్తదనుకున్న. అరవలే. "రోజు పంపుదమనుకున్న మేడం, రోజు మరిచిన," అని ఏడ్చింది. మూడోది పోస్టు నింపనోళ్లది, నాలుగోది మోటరు చూసుకునేటోళ్లది. పెద్దసారు ఐదోది చదివిండు. మళ్ల చదివిండు. స్పెషల్ క్లాసులు పెట్టి టిఫిన్ వేళ మార్చింది ఆయనే.

ఆయన కోపానికి వస్తే ఫారం చింపుతడు, వంటామె కథ ఒడుస్తది.

"పిల్లలు మంచిగ సదువుకోవాలనే పెట్టిన మేడం," అన్నడు మెల్లగ.

"మంచికే పెట్టిండ్రు సార్. ఆమె గూడ మంచికే మూత పెట్టింది."

ఆయన ఆఖరి కాగితం తిప్పిండు. అండ్ల చివరి గీత చదివి, ముందుగాల కండ్లద్దాలు తీసిండు, తర్వాత పొట్ట పట్టుకొని నవ్విండు. "ఈ ఘటనలో బల్లి ప్రమేయం లేదు" అని ఉన్నది. నవ్వుకుంటనే పెన్ను తీసిండు. ఐదో పేరు పక్కన తన చేత్తోనే "నిజము" అని రాసి సంతకం పెట్టిండు. ఆ మనిషి మీద నాకు అప్పటిదాక లేని గౌరవం ఆ ఒక్క మాటతోని వచ్చింది.

ఇగ చూడుండ్రి! నెలలు కదలని కాగితం రెండు రోజులల్ల కదిలింది. కొత్త స్టార్టరు వచ్చింది, పొద్దుగాల నీళ్లొచ్చినయి. రెండో వంటామె వచ్చింది. టిఫిన్ ముందు, క్లాసు తర్వాత. పాత వంటామె గేట్ల అడుగు పెట్టంగనే పిల్లలు ప్లేట్లు మోగిచ్చిండ్రు, కాలేజీ దాక వినబడ్డది. అప్పటికప్పుడు వండి, వెడల్పు పళ్లేలల్ల ఆరబోసి కలిపిన పులిహోర నాకే మొదట పెట్టింది. నేను మానుకోటల ఉన్నన్ని ఏండ్లు ఆ హాస్టల్ల మళ్ల బల్లి పడలే. గోడల మీద మాత్రం మస్తుగుండె.

మెమో ఆ తర్వాతి నెల వచ్చింది. విచారణ చేసినామెనే బాధ్యురాలైనందుకు సంజాయిషీ అడిగిండ్రు. "నిజమే, చూసి ఊకున్న, ఇక ఊకోను" అని రాసి పంపిన. దాని మీద పైనోళ్లు మళ్ల మాట్లాడలే. తండా పిల్ల ఇప్పుడు ఇంకో కాలేజీల నా సబ్జెక్టే చెప్తున్నది. కారణహేతువును రెండు మార్కుల ప్రశ్న అని మాత్రం చెప్పదట.

మెమోకు జవాబు పంపిన రోజే జనగామ బస్సెక్కిన. బస్టాండు ముందు తొవ్వ నుంచే పోయిన. మిర్చీల బండి కాడ మంది గుంపు. ఆయన జుట్టు నెరిసింది గాని నన్ను గుర్తు పట్టిండు. "నమస్తే మేడం, వేడిగున్నయి" అన్నడు.

"అన్నా, నీకొక మాట చెప్పనీకొచ్చిన," అన్న. "ఆ కిటికీకి గడియ లేదని నాకు ముందే తెలుసు. తెలిసే నీ మీద రాసిన."

ఆయన జల్లెడ గంటెతోని మిర్చీలు తీసి కాగితంల పోసిండు.

"నాకు తెలుసు మేడం. మీరు ఆ కిటికీని తట్టి చూస్తున్నప్పుడు నేను వెనుకనే నిలబడ్డ," అన్నడు. "ఎన్నడన్న వచ్చి చెప్తరని చూస్తున్న. చల్లారుతయి, తినుండ్రి."

నాలుగు తిన్న.